పదివేల మందిలో పదిమంది

2024 జూలైలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రిక ‘జామా’లో ఒక అధ్యయనం వచ్చింది. యూటా రాష్ట్రపు ఆరోగ్య రికార్డుల్లో ఎండోమెట్రియోసిస్ ఉందని నమోదైన 78,893 మంది స్త్రీలను తీసుకుని, ఆ జబ్బు నమోదు కాని దాదాపు 3,79,000 మందితో పోల్చి చూశారు. జబ్బు ఉన్నవాళ్లలో అండాశయ క్యాన్సర్ ముప్పు 4.2 రెట్లని తేలింది. వార్తలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. స్కానింగ్ రిపోర్టులో ‘చాక్లెట్ సిస్ట్’ అన్న మాట చూసి, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోనులో వెతుక్కునే అమ్మాయికి మొదట కనబడేది ఇప్పటికీ ఆ అంకే.

అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. ఎండోమెట్రియోసిస్ ఉన్న ప్రతి పదివేల మందిలో, ఆ జబ్బు కారణంగా అదనంగా లెక్కకు వచ్చిన అండాశయ క్యాన్సర్లు సుమారు పది. ఈ అంకె, ముందు చెప్పిన నాలుగు రెట్లు, రెండూ ఒకే పట్టిక నుంచి పుట్టాయి, రెండూ నిజాలే. కానీ మొదటి అంకె విన్న మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టదు. రెండోది విన్న మనిషి మర్నాడు డాక్టరును ఏమడగాలో ఆలోచించుకుంటుంది. ఎండోమెట్రియోసిస్‌కూ అండాశయ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద నూరేళ్లుగా పోగైన పరిశోధనను చదువుతూ పోతే నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. ఈ సంబంధం నిజమైనదే, కానీ ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లందరికీ ఒకేలా వర్తించేది కాదు. ఎవరికి ఎక్కువ వర్తిస్తుందో ఇప్పుడు చాలావరకు చెప్పగలం. అలా చెప్పకుండా అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల కొందరికి అక్కర్లేని ఆపరేషన్లు జరుగుతున్నాయి, జాగ్రత్తగా చూడాల్సిన మరికొందరు ఎవరి కంటా పడకుండా మిగిలిపోతున్నారు.

గర్భసంచి లోపలి పొర నెలనెలా మందమై, గర్భం రాకపోతే రక్తంతో కలిసి బయటికి పోతుంది. అలాంటి పొరే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీదో, పొత్తికడుపు గోడ మీదో, పేగుల మీదో, మూత్రాశయం మీదో పాతుకుని పెరగడమే ఎండోమెట్రియోసిస్. అక్కడా అది నెలసరి హార్మోన్లకు స్పందిస్తుంది, అక్కడా రక్తం ఊరుతుంది, కానీ ఆ రక్తం బయటికి పోవడానికి దారి ఉండదు. అండాశయంలో అలా నెలల తరబడి నిలిచిన పాత రక్తం చిక్కబడి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. చాక్లెట్ సిస్ట్ అన్న పేరు ఆ రంగును బట్టి వచ్చింది. వైద్యులు దాన్ని ఎండోమెట్రియోమా అంటారు. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో పదిమందికి ఒకరు ఈ జబ్బుతో ఉన్నారని, ప్రపంచం మొత్తం మీద వాళ్ల సంఖ్య దాదాపు 19 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంత మందికి ఉన్న జబ్బుకు తెలుగులో జనం నోట ఆడే పేరు లేదు. మన ఇళ్లలో దాన్ని ‘ముట్టునొప్పి’ అనేసి ఊరుకున్నారు. పెళ్లయితే తగ్గుతుందన్నారు, ఒక కాన్పయితే సర్దుకుంటుందన్నారు. నొప్పి మొదలైన నాటి నుంచి జబ్బు పేరు తెలిసే దాకా ఏళ్లకు ఏళ్లు గడిచిపోవడం చాలా దేశాల్లో మామూలే. మన దగ్గర ఆ ఏళ్లలో ఈ ఓదార్పు మాటల వంతు ఎక్కువ.

క్యాన్సర్‌తో దీనికి లంకె ఉందని మొదట గట్టిగా చెప్పినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పనిచేసిన శస్త్రవైద్యుడు జాన్ శాంప్సన్. 1921లో ఆయన చాక్లెట్ సిస్ట్‌లను వివరంగా వర్ణించాడు. 1925లో, అలాంటి కణజాలం నుంచే అండాశయంలో క్యాన్సర్ పుట్టిన సందర్భాలను ప్రచురించాడు. అలా పుట్టిందని ఒప్పుకోవాలంటే మూడు షరతులు పెట్టుకున్నాడు. ఒకే అండాశయంలో మామూలు ఎండోమెట్రియోసిస్, క్యాన్సర్ రెండూ కనబడాలి. క్యాన్సర్ కణజాలం గర్భసంచి పొరను పోలి ఉండాలి. ఆ క్యాన్సర్ వేరేచోటి నుంచి పాకి వచ్చింది కాకూడదు. 1953లో స్కాట్ అనే వైద్యుడు ఇంకో షరతు చేర్చాడు: మామూలు కణాలు క్రమంగా క్యాన్సర్ కణాలుగా మారుతున్న చోటు సూక్ష్మదర్శినిలో కనబడి తీరాలి. క్యాన్సర్ పెరిగిపోయి తాను పుట్టిన కణజాలాన్నే మింగేస్తే ఆ చోటు ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఈ నాలుగు షరతులకూ సరిపోయే కేసులు తక్కువగా ఉండేవి, సంబంధం అరుదైనదనే అభిప్రాయం చాలాకాలం నిలిచింది.

ఆ అభిప్రాయాన్ని కదిలించినవి జనాభా లెక్కలు. 1997లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనం, ఎండోమెట్రియోసిస్‌తో ఆస్పత్రిలో చేరిన 20,686 మందిని ఏళ్ల తరబడి అనుసరించింది. అండాశయ క్యాన్సర్ సాధారణ జనాభాలో కంటే 1.9 రెట్లు కనబడింది. అండాశయాల్లో ఈ జబ్బు చాలాకాలంగా ఉన్నవాళ్లలో అది 4.2 రెట్లు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి 2021లో చేసిన పెద్ద విశ్లేషణలోనూ సగటు 1.93 రెట్ల దగ్గరే ఆగింది. పాతికేళ్ల తేడాతో, వేరే దేశాల్లో, వేరే పద్ధతుల్లో తీసిన లెక్కలు ఇంత దగ్గరగా రావడం నన్ను నమ్మించింది.

అయినా ఈ లెక్కల బలహీనతలు తెలుసుకునే చదవాలి. ఎండోమెట్రియోసిస్ చాలామందిలో ఆపరేషన్ చేసినప్పుడే బయటపడుతుంది. అండాశయంలో గడ్డ ఉందని కడుపు తెరిచినప్పుడు ఈ జబ్బు, క్యాన్సర్ రెండూ ఒకేసారి కనబడితే, ఏది ముందు వచ్చిందో రికార్డు చెప్పదు. అలాంటి కేసులు చేరితే రెట్లు పెరుగుతాయి. ఇంకోవైపు, ఏ ఆస్పత్రికీ వెళ్లకుండా నొప్పి ఓర్చుకునే స్త్రీలు ‘జబ్బు లేనివాళ్ల’ జాబితాలోకి చేరిపోతారు. అప్పుడు రెట్లు తగ్గుతాయి. ఆస్పత్రి రికార్డుల్లోకి ఎక్కేవాళ్లకు జబ్బు ముదిరి ఉండటం కూడా మామూలే కాబట్టి, ఆ అంకెను తేలికపాటి జబ్బు ఉన్నవాళ్లకు వర్తింపజేయడం సరికాదు. యూటా లెక్క 4.2 అయి, మిగతావి రెండు రెట్ల దగ్గర ఆగడానికి ఇలాంటి తేడాల్లో ఏదో ఒకటి కారణం కావచ్చు.

2022లో యూరప్ పునరుత్పత్తి వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో రెట్ల బదులు నేరుగా మనుషుల లెక్క ఇచ్చింది. జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం మొత్తం స్త్రీలలో నూటికి 1.3, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో నూటికి 2.5. వెయ్యిమందిని ఒకచోట నిలబెడితే 13 మంది స్థానంలో 25 మంది. మిగిలిన 975 మందికి ఆ క్యాన్సర్ రాదు. ఇవి పాశ్చాత్య దేశాల లెక్కలు. మన దేశంలో ఈ క్యాన్సర్ వచ్చే రేటు అక్కడికంటే కొంత తక్కువ. అయినా జనాభా పెద్దది కాబట్టి 2022లో భారతదేశంలో కొత్త కేసులు దాదాపు 47 వేలని, మరణాలు దాదాపు 33 వేలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. వీటిలో ఎక్కువ భాగం ఎండోమెట్రియోసిస్‌తో సంబంధం లేనివి. ఎందుకో చూద్దాం.

అండాశయ క్యాన్సర్ అని మనం ఒకే మాట అంటున్నా, అది ఒకే జబ్బు కాదు. అందులో అత్యధికంగా కనబడేది, చాలామందిని బలితీసుకునేది, హైగ్రేడ్ సీరస్ అనే రకం. పేరు అండాశయానిదే అయినా అది చాలావరకు ఫెలోపియన్ నాళాల చివర పుడుతుందని ఈ రెండు దశాబ్దాల్లో తేలింది. బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపమున్న కుటుంబాల్లో వచ్చేదీ ప్రధానంగా ఇదే. ఎండోమెట్రియోసిస్‌కు దీనితో బలమైన సంబంధం కనబడలేదు. 2012లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చిన అధ్యయనం ఈ మాటను తేల్చి చెప్పింది. 13 అధ్యయనాలను కలిపి, 7,911 మంది రోగులను 13,226 మంది ఆరోగ్యవంతులతో పోల్చితే, క్లియర్ సెల్ అనే రకానికి ముప్పు 3 రెట్లు, ఎండోమెట్రియాయిడ్ రకానికి 2 రెట్లు, లోగ్రేడ్ సీరస్‌కు సుమారు 2 రెట్లు. హైగ్రేడ్ సీరస్‌కు పెరుగుదల లేదు. అసలు సంబంధం మొదటి రెండు రకాలతోనే అని సూక్ష్మదర్శిని కూడా చెబుతోంది, జన్యువులు కూడా చెబుతున్నాయి.

మరి ఎండోమెట్రియోసిస్ ఉన్న ఎవరికి ముప్పు ఎక్కువ? యూటా అధ్యయనంలో నాకు అన్నిటికంటే పనికొచ్చే భాగం ఇదే అనిపించింది. పొత్తికడుపు గోడ మీద పైపైన మచ్చల్లా ఉండే రకంలో ముప్పు తక్కువ. అండాశయంలో చాక్లెట్ సిస్ట్ ఉన్నవాళ్లలో, లేదా జబ్బు లోతుగా కండరాల్లోకీ పేగుల్లోకీ దిగినవాళ్లలో, లేదా రెండూ ఉన్నవాళ్లలో 9 రెట్లకు పైన. జపాన్‌లో షిజువోకా ప్రాంతపు అధ్యయనం కూడా దగ్గరగా ఇదే చెప్పింది. 1985 నుంచి మొదలుపెట్టి, చాక్లెట్ సిస్ట్ ఉన్న 6,398 మందిని కొందరి విషయంలో 17 ఏళ్ల దాకా అనుసరించారు. 46 మందికి అండాశయ క్యాన్సర్ వచ్చింది. నూటికి ఒకరు కూడా కాదు. అయినా సాధారణంగా రావాల్సినదానికి అది దాదాపు 9 రెట్లు. వచ్చినవాళ్లలో ఎక్కువగా కనబడిన లక్షణాలు రెండు: సిస్ట్ 9 సెంటీమీటర్లు దాటి ఉండటం, ముట్లు ఆగిపోయిన వయసు. పాతికేళ్ల అమ్మాయికి ఉన్న మూడు సెంటీమీటర్ల సిస్ట్‌నూ, యాభై రెండేళ్ల స్త్రీలో పెరుగుతున్న పది సెంటీమీటర్ల సిస్ట్‌నూ ఒకే పేరుతో పిలుస్తున్నాం గాని, వైద్యుడు వాటిని చూడాల్సిన కన్ను వేరు.

జపాన్ ఈ ప్రశ్న మీద అంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఉంది. ఉత్తర అమెరికాలో అండాశయ క్యాన్సర్లలో క్లియర్ సెల్ రకం నూటికి పది దాకా ఉంటే, జపాన్‌లో దాదాపు పాతిక. పుట్టుకతో వచ్చిన తేడానా, జీవన విధానమా అన్నది ఇంకా తేలలేదు. కానీ ఆ దేశపు పరిశోధకులు సిస్ట్ లోపలి ద్రవాన్ని పట్టుకుని చాలా దూరం వెళ్లారు. పాత రక్తం అంటే ఇనుము. నెలనెలా ఊరిన రక్తం విరిగిపోయి, సిస్ట్ లోపల ఇనుము మామూలు కంటే ఎన్నో రెట్లు పేరుకుంటుంది. ఇనుము ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే చురుకైన అణువులు చుట్టూ ఉన్న కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. గోడలోని కణాలు ఏళ్ల తరబడి ఆ మడ్డిలో నానుతూ ఉంటాయి. తుప్పు పట్టే గిన్నెలో నీళ్లు నిల్వ ఉంచినట్టు అనుకోవచ్చు. చాలా కణాలు చచ్చిపోతాయి, కొన్ని దెబ్బతిని కూడా బతుకుతాయి. పొత్తికడుపు గోడ మీది మచ్చలకు ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ రక్తం అలా సంచి కట్టి నిలవదు. అండాశయపు సిస్ట్‌కే ముప్పు ఎక్కువ ఎందుకన్న ప్రశ్నకు నాకు ఇంతకంటే ఒప్పుకోదగిన జవాబు కనబడలేదు.

జన్యువుల వైపు నుంచి పెద్ద మలుపు 2010లో వచ్చింది. కెనడాలోని వాంకూవర్ బృందం, క్లియర్ సెల్ క్యాన్సర్లలో 46 శాతంలోనూ, ఎండోమెట్రియాయిడ్ క్యాన్సర్లలో 30 శాతంలోనూ ఏఆర్‌ఐడీ1ఏ అనే జన్యువు చెడిపోయి ఉందని ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో చూపింది. వాళ్లు పరీక్షించిన 76 హైగ్రేడ్ సీరస్ క్యాన్సర్లలో ఒక్కదానిలోనూ ఆ లోపం లేదు. పొడవాటి డీఎన్‌ఏ పోగును చుట్టలు చుట్టి, ఏ భాగం తెరిచి ఉండాలో ఏది మూసి ఉండాలో చూసుకునే యంత్రాంగంలో ఏఆర్‌ఐడీ1ఏ ఒక ముక్క. ఇంకా కీలకమైన సంగతేమంటే, ఇద్దరు రోగుల్లో క్యాన్సర్ పక్కనే ఉన్న అసాధారణ ఎండోమెట్రియోసిస్ కణాల్లోనూ అదే లోపం కనబడింది. కొంచెం దూరంగా ఉన్న మామూలు ఎండోమెట్రియోసిస్‌లో కనబడలేదు. స్కాట్ 1953లో సూక్ష్మదర్శినిలో వెతకమన్న ఆ మారే చోటు, యాభై ఏడేళ్ల తర్వాత జన్యువులో దొరికింది.

అయితే ఈ లోపమున్న కణాలు కనబడగానే క్యాన్సర్ అనుకోవచ్చా? అనుకోకూడదని 2017లో తెలిసింది. అదే పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనంలో, క్యాన్సర్ లేని, లోతుగా దిగిన ఎండోమెట్రియోసిస్ ఉన్న 24 మందిని పరీక్షిస్తే 19 మంది కణాల్లో ఏదో ఒక జన్యుమార్పు ఉంది. ఐదుగురిలో ఏఆర్‌ఐడీ1ఏ, పీఐకే3సీఏ, కేరాస్ వంటి, క్యాన్సర్‌కు దారితీసేవిగా పేరుపడ్డ జన్యువుల్లోనే మార్పులున్నాయి. లోతుగా దిగిన ఎండోమెట్రియోసిస్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ఆ తర్వాతి ఏడాది జపాన్ పరిశోధకులు, ఏ జబ్బూ లేని గర్భసంచి పొరలో కూడా ఇలాంటి మార్పులు ఉంటాయని చూపారు. అంటే జన్యుమార్పు ఒక మెట్టు మాత్రమే. దానికి ఇనుము పేరుకోవడం, ఏళ్ల తరబడి వాపు, హార్మోన్లు, వయసు తోడవ్వాలి. ఏ సిస్ట్ మారుతుందో ముందే చెప్పే జన్యుపరీక్ష ఈ రోజుకీ లేకపోవడానికి కారణం ఇదే. అలాంటి పరీక్ష ఉందని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే నమ్మకండి.

రక్తపరీక్ష సంగతీ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దానితోనే ఎక్కువ భయం పుడుతోంది. సీఏ-125 అనే పరీక్షలో 35 దాటితే లాబ్ రిపోర్టులో ఎర్రగా గుర్తు పడుతుంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. నెలసరి రోజుల్లో పెరుగుతుంది, గర్భం వస్తే పెరుగుతుంది, ఫైబ్రాయిడ్ ఉన్నా పెరుగుతుంది. చాక్లెట్ సిస్ట్ ఉన్న స్త్రీకి 90 వచ్చిందంటే దానర్థం చాలావరకు ఆమెకు చాక్లెట్ సిస్ట్ ఉందనే. హెచ్ఈ4 అనే ఇంకో పరీక్ష ఎండోమెట్రియోసిస్‌లో అంతగా పెరగదు కాబట్టి, అనుమానం ఉన్నచోట అది కొంత తోడ్పడుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ ఏటా పరీక్షలు చేస్తే ప్రాణాలు దక్కుతాయా అని బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలపై పరిశీలించారు. 16 ఏళ్లకు పైగా అనుసరించి 2021లో ప్రకటించిన ఫలితం ఏమంటే, రక్తపరీక్ష, స్కానింగ్ ఏది ఎంచుకున్నా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. అది ముట్లు ఆగిన సాధారణ స్త్రీలపై జరిగిన అధ్యయనం. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు విడిగా అంత పెద్ద పరిశీలన జరగలేదు కాబట్టి, అందరికీ ఏటా స్క్రీనింగ్ చేయమని యూరప్ మార్గదర్శకాలు చెప్పడం లేదు.

స్కానింగ్‌ను మాత్రం తెలిసినవాళ్లు చూస్తే చాలా చెబుతుంది. మామూలు చాక్లెట్ సిస్ట్ లోపలంతా ఒకేలా, గరుకు గాజు వెనక చూసినట్టు మసగ్గా కనబడుతుంది. లోపలి గోడ మీద గడ్డలాంటి మొటిమ లేచి, డాప్లర్‌లో దానికి రక్తప్రసారం కనబడితే అనుమానించాలి. ఎమ్మారైలో పాత రక్తం వల్ల ఉండే నల్లని నీడ మాయమైనా అనుమానమే. గర్భిణుల్లో హార్మోన్ల వల్ల సిస్ట్ గోడ క్యాన్సర్‌లాగే ఉబ్బి కనబడటం ఉంది. అలాంటప్పుడు తొందరపడి కోయకుండా అనుభవమున్న రేడియాలజిస్టుకు చూపించడం గర్భాన్నీ కాపాడుతుంది. నలభై ఐదు దాటినవాళ్లలో సిస్ట్ త్వరత్వరగా పెరగడం, నెలసరితో వచ్చిపోయే నొప్పి ఇక పోకుండా స్థిరపడటం, ముట్లు ఆగాక కొత్తగా సిస్ట్ రావడం లేదా ఉన్నది పెరగడం, ముట్లు ఆగాక మళ్లీ రక్తస్రావం, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండటం, కారణం లేకుండా ఒక కాలు వాచి రక్తం గడ్డకట్టడం. వీటిని వదిలేయకూడదు. ఆఖరిది చాలామందికి తెలియదు. క్లియర్ సెల్ క్యాన్సర్‌కు రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఎక్కువ, కొందరిలో అదే మొదటి సూచన.

అనుమానమున్న సిస్ట్‌ను సూది గుచ్చి లాగేయడం గాని, లాపరోస్కోపీలో చిట్లగొట్టడం గాని చేయకూడదు. లోపల క్యాన్సరే ఉంటే, ఒక్క అండాశయానికి పరిమితమైన జబ్బు కడుపులోకి చిమ్మి, ఒకటో దశలోనే మెట్టు మారిపోతుంది. ఆ ఒక్క పొరపాటు వల్ల కీమోథెరపీ అక్కర్లేని మనిషికి కీమో పెట్టాల్సి రావచ్చు. ఎండోమెట్రియోసిస్‌తో ముడిపడ్డ క్యాన్సర్లలో చాలావరకు తొలి దశలోనే దొరకడం ఊరట. దొరికే వయసు కూడా మిగతా అండాశయ క్యాన్సర్ల కంటే తక్కువ. తొలి దశలో క్లియర్ సెల్ అయినా ఎండోమెట్రియాయిడ్ అయినా బాగానే లొంగుతుంది. ముదిరిన క్లియర్ సెల్ మాత్రం ప్లాటినం మందులకు మొండికేస్తుంది. జపాన్ నాయకత్వంలో వేరే మందుల కలయికను ప్రయత్నించిన పెద్ద పరిశీలన 2016లో, పాత పద్ధతి కంటే మెరుగేమీ లేదని తేల్చింది. ఎండోమెట్రియాయిడ్ లేదా క్లియర్ సెల్ అని బయాప్సీలో వస్తే, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమోనని కణజాలంపై పరీక్ష అడగడం మంచిది. అది తేలితే అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ పెద్దపేగు క్యాన్సర్ రాకుండా కాపలా కాయవచ్చు.

ముప్పు తగ్గించే దారుల్లో అన్నిటికంటే బలమైన ఆధారమున్నది గర్భనిరోధక మాత్రకు. 2008లో 45 అధ్యయనాలను కలిపి చూస్తే, ప్రతి ఐదేళ్ల వాడకానికి అండాశయ క్యాన్సర్ ముప్పు ఐదో వంతు చొప్పున తగ్గుతూ, పదిహేనేళ్లు వాడినవాళ్లలో సగమైంది. ఎండోమెట్రియోసిస్‌కు వైద్యంగా కూడా ఆ మాత్రనే ఇస్తారు కాబట్టి ఒకే మందు రెండు పనులు చేస్తుంది. వాడవచ్చా లేదా అన్నది వయసు, బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టే చరిత్ర చూసి డాక్టరు చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో ఈ మాత్ర వాడేవాళ్లు చాలా తక్కువ.

రెండో దారి ట్యూబెక్టమీ, మనవాళ్ల మాటల్లో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. నాళాలు మూసిన స్త్రీలలో ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ క్యాన్సర్లు సుమారు సగానికి తగ్గుతాయి, సీరస్ రకం కొద్దిగానే తగ్గుతుంది. నెలసరి రక్తం నాళాల గుండా వెనక్కి కడుపులోకి పోవడమే ఎండోమెట్రియోసిస్‌కు మూలమని శాంప్సన్ 1927లో చెప్పిన సిద్ధాంతానికి ఇది బాగా అతుకుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి, తెలంగాణలో 62 మందికి ఈ ఆపరేషన్ జరిగింది. దేశంలో ఆంధ్రదే మొదటి వరుస. ఎవరూ అనుకోకుండానే మన స్త్రీలలో ఎక్కువమందికి ఈ రెండు రకాల నుంచి కొంత రక్షణ దొరికినట్టుంది. కానీ ఎండోమెట్రియోసిస్ వల్ల పిల్లలు పుట్టని స్త్రీకి ఈ ఆపరేషన్ జరగదు. కాన్పులూ పాలివ్వడమూ ఇచ్చే రక్షణా ఆమెకు అందదు. పిల్లల కోసం తిరుగుతున్న ఏళ్లలో మాత్రా వేసుకోలేదు. ముప్పు ఉన్న మనిషికే రక్షణలన్నీ ఒకటొకటిగా తప్పిపోతున్నాయి. గొడ్రాలన్న మాట పడి, ఫెర్టిలిటీ సెంటర్ల చుట్టూ తిరిగి, చివరికి ఆశ వదులుకున్న స్త్రీని ఆ రోజు నుంచి ఏ డాక్టరూ పిలిచి చూడటం లేదు. నలభై ఐదేళ్లకు ఆమెను గుర్తుపెట్టుకుని ఏడాదికోసారి స్కానింగ్‌కు రమ్మనే ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. మార్గదర్శకాలు అందరికీ స్క్రీనింగ్ వద్దన్నది నిజమే. పెద్ద చాక్లెట్ సిస్ట్‌తో మెనోపాజ్‌కు చేరుతున్న మనిషి ఆ ‘అందరి’లో లేదు.

సిస్ట్‌ను ముందుజాగ్రత్తగా తీసేయాలా? స్వీడన్‌లో 2013లో వచ్చిన అధ్యయనంలో, కనిపించిన ఎండోమెట్రియోసిస్ మొత్తాన్ని తొలగించినవాళ్లలో, జబ్బున్న వైపు అండాశయం తీసినవాళ్లలో క్యాన్సర్ ముప్పు బాగా తగ్గింది. అయినా క్యాన్సర్ భయంతోనే యువతులకు ఆపరేషన్ చేయమని ఎవరూ సిఫార్సు చేయరు. సిస్ట్ గోడను ఒలిచేటప్పుడు దానితో పాటు అండాలున్న మంచి కణజాలమూ పోతుంది. రెండు వైపులా చేస్తే కొందరిలో ముట్లు ముందే ఆగిపోతాయి. నొప్పికో, సంతానానికో, అనుమానానికో చేయాలి. చేసినప్పుడు తీసిన ముక్కను పాథాలజీకి పంపాలి, ఆ రిపోర్టు కాగితం ఆమె చేతికి రావాలి.

మన దగ్గర జరుగుతున్నది వేరు. నొప్పి అంటే గర్భసంచి తీయించుకో అనడం కోస్తా జిల్లాల నుంచి తెలంగాణ పల్లెల దాకా వాడుక అయిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, మన రెండు రాష్ట్రాల్లో ఎనిమిది తొమ్మిది మంది. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. ‘క్యాన్సర్ అవుతుంది’ అన్న రెండు మాటలే చాలామంది చేత సంతకం పెట్టించాయి. ఎండోమెట్రియోసిస్ విషయంలో ఆ భయంతో గర్భసంచి తీయడానికి అర్థమే లేదు. గర్భసంచి తీసినా అండాశయాలు ఉంటే, పేగుల మీదా గోడల మీదా ఉన్న జబ్బు అక్కడే ఉంటుంది, హార్మోన్లు దాన్ని పోషిస్తూనే ఉంటాయి. ముట్టు ఆగిపోతుంది కాబట్టి జబ్బు పోయిందనిపిస్తుంది, అంతే. రెండు అండాశయాలూ తీసేస్తే ముప్పై ఐదేళ్ల మనిషి ఒక్కరోజులో మెనోపాజ్‌లో పడుతుంది, ఎముకలూ గుండే దాని మూల్యం చెల్లిస్తాయి. మెనోపాజ్‌తో వచ్చే వేడి ఆవిర్లకు ఈస్ట్రోజన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఇంకో చిక్కు. గర్భసంచి లేనివాళ్లకు మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలంటారు. కడుపులో ఎండోమెట్రియోసిస్ మిగిలి ఉండగల మనిషికి మాత్రం ప్రొజెస్టోజన్ కూడా కలిపి ఇవ్వమని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎందుకంటే ఒంటరి ఈస్ట్రోజన్ ఆ మిగిలిన కణజాలాన్ని రెచ్చగొడుతుంది. ఇది పాటించాలంటే, ఆమెకు ఎండోమెట్రియోసిస్ ఉండేదని మందు రాసే డాక్టరుకు తెలియాలి.

ఇరవై ఏళ్ల కిందట ముప్పైల్లో ఆపరేషన్ చేయించుకున్న ఆ స్త్రీలు ఇప్పుడు యాభైల్లోకి వస్తున్నారు. కడుపు ఉబ్బరంగా ఉందనో, కాలు వాచిందనో ఆస్పత్రికి వచ్చి బల్ల ముందు కూర్చుంటారు. గర్భసంచి ఉందా అమ్మా అని అడిగితే, ఎప్పుడో తీసేశారు సార్ అంటారు. ఎందుకు తీశారో, అండాశయాలు ఉంచారో లేదో, లోపల ఏం కనబడిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇచ్చిన చీటీ మీద తేదీ, ఆపరేషన్ పేరు, కుట్లు విప్పే రోజు మాత్రమే రాసి ఉన్నాయి.